నరహరి సర్ థర్మామీటరు

జోడ్‌భావి పేట్ బడిలో సైన్స్ చెప్పే నరహరి సర్ నోట ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎట్ల తెలుసు?" ఎండ ముదిరిందని భార్య అన్నా అదే అడుగుతాడు. ఆమె విసనకర్ర ఆయన మీదికి విసరకపోవడం ఆమె మంచితనం. మెడలో తువాలు, జేబులో థర్మామీటరు లేనిదే ఆయన గడప దాటడు. కప్పు మీద మొక్కలుంటే కింద చల్లగా ఉంటుందన్న మాటకు రుజువు ఎలా చూడాలో తొమ్మిదో తరగతికి నేర్పాలనుకున్నాడు. మల్లప్ప సేఠ్‌వి పక్కపక్కనే రెండు మగ్గాల షెడ్లు. ఒకదాని రేకుల మీద పిల్లలతో తట్టల్లో మెంతికూర పెంచించాడు. ఉన్నది ఒక్కటే థర్మామీటరు కాబట్టి ఒక్కో షెడ్డులో ఒక్కో రోజు కొలిచి, "ఏడు డిగ్రీల తేడా!" అని బోర్డు మీద రాసి మురిసిపోయాడు. పనివాళ్ల చెమటను ఏనాడూ నమ్మని సేఠ్ అంకెను మాత్రం నమ్ముతానన్నాడు, రుజువు చూపిస్తే అన్ని షెడ్ల మీదా మొక్కలు పెట్టిస్తానన్నాడు.

ఆ షెడ్లలో నూలు కండెలు చుట్టే యల్లమ్మ కూతురు సాక్షి తరగతిలో లేచింది. "సర్, మెంతికూర షెడ్డుల నిన్న కొలిసిన్రు. నిన్న సుట్టి, మగ్గాలన్నీ బంద్. మొన్న పక్క షెడ్డుల మోటార్లు నడుస్తుండె. సల్లగైంది కూరకా, సుట్టికా? ఎట్ల తెలుసు?"

తరగతి గొల్లుమంది. సర్ తువాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "సేఠ్ ముంగట గిది అనకు పిల్లా" అని గొణిగాడు.

"నేను అనకుంటే ఆయననే అంటడు సర్. అప్పుడు మా అమ్మకు ఆ నీడ గూడ రాదు."

సర్ తానే ఏడును చెరిపేశాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, మగ్గాలన్నీ నడుస్తుండగా, తువాలు తడిసి ముద్దయ్యేదాకా రెండు షెడ్లలోనూ మార్చి మార్చి నిలబడి కొలిచాడు. తేడా మూడే వచ్చింది. ఆ మూడును బోర్డు మీద ఏడుకన్నా పెద్దగా రాశాడు.