కాచు

సూరత్‌లోని పర్వత్ పాటియా బజారులో కుక్కర్ రబ్బరు కొనేటప్పుడు ముందు వాసన చూస్తాను, తర్వాత గోరుతో నొక్కుతాను. గాటు నిలవకపోతే బాగా ఉడికిన సరుకు. "దానికి పెండ్లిచూపులా ఏందక్కా?" అని కొట్టతను నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఈ గోరుపరీక్ష నేర్పిన నర్సక్క అతనికి తెలియదు పాపం.

కామ్‌రేజ్ దగ్గర మగ్గాలకు అదురు ఆపే రబ్బరు బుష్‌లు చేసే చిన్న కార్ఖానాలో, అంచులు కత్తిరించే ఆడవాళ్లందరికీ నర్సక్క పెద్ద. మనిషి పొట్టి, నోరు పెద్దది. తిట్టని రోజున ఆమెకు జ్వరమేమో అనుకునేవాళ్లం. నేను పెళ్లయి సిరిసిల్ల నుంచి ఇక్కడి గోడాదరా బస్తీకి వచ్చిన కొత్త, గుజరాతీ ముక్క రాదు. మా ఆయన నడిపే మగ్గాలు అప్పుడే మూతపడ్డాయి. ఈ కార్ఖానాలో నా పని నిలబడితే సూరత్‌లో ఉంటాం, లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే.

ఒకరోజు, రబ్బరును అచ్చుల్లో వేసి ఉడికించే ప్రెస్ నడిపే గుజరాతీ అన్న అచ్చు తెరిచి, ఒక బుష్‌ను నొక్కి చూసి, "కాచు ఛే" అని మళ్లీ మూసి చాయ్‌కి వెళ్లాడు. కాచు అంటే నాకు పాలు కాచడమే. కాగిపోయిందట, మాడుతుందేమోనని అచ్చులన్నీ తెరిచి సరుకు బయట పెట్టేశాను. పైగా పుణ్యం చేశాననుకున్నాను. తీరా చూస్తే గుజరాతీలో కాచు అంటే పచ్చి. సరుకంతా పాకంలా వేళ్లకు అంటుకుంది.

యజమాని సేఠ్ వచ్చి, నన్ను చూపించి, "ఇసే నికాలో" అన్నాడు, దీన్ని తీసెయ్యమని. సంగతి విన్న నర్సక్క ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నా చెయ్యి లాగి, గోరుతో నొక్కి, సేఠ్ ముందు పెట్టింది.

"సేఠ్, యే భీ కాచు ఛే. అభీ మత్ నికాలో."

ఇదీ పచ్చిదే, ఇప్పుడే బయటికి తీయకు అని. సేఠ్‌కు నవ్వాగలేదు. నా పని దక్కింది.

"జర గుజరాతీ నేర్వు పిల్లా, లేకుంటె మమ్ముల గుడ పచ్చిగనే బయటవెడ్తవ్" అంది నాతో. ఆనాటి నుంచి సద్ది తినేటప్పుడల్లా మాటలు నేర్పింది, తప్పు పలికితే నెత్తిన మొట్టింది. మా అమ్మ కూడా నన్ను అంత ఓపిగ్గా తిట్టలేదు.

మోకాళ్ల నొప్పులతో పని మానేసిన రోజు తన కత్తెర నా చేతిలో పెట్టింది. "ఇప్పుడన్న ఉడికిన్నా అక్కా?" అని చెయ్యి చాపాను. గట్టిగా నొక్కి చూసి, "కాచు" అంది. గుజరాతీలో పచ్చి అనా, తెలుగులో కాపాడమనా, ఏ భాషలో అన్నావని అడిగితే నవ్వి నెత్తిన మొట్టింది.

ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా సరుకు చెడగొడితే, చెయ్యి పట్టుకుని నేనే సేఠ్ ముందుకు తీసుకెళ్తాను. నేను నోరు తెరవకముందే ఆయన, "కాచు ఛే, కాచు ఛే" అని నవ్వుకుంటూ వెళ్లిపోతాడు.