ఆయన కాలికి నేను కట్టిన పట్టి

మా ఆయన పోయి రెండేండ్లు దాటింది. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆ పిల్ల మీద ఉన్నది, ఇంక పోలే. నాకు సంతకం పెట్టుడు వరకే వచ్చు గనుక నేను చెప్తుంటే మా కోడలు రాస్తున్నది.

"అత్తమ్మా, గిది సుత రాయాల్నా?" అంటున్నది. రాయి బిడ్డా. మంచిదాన్నని రాయించుకునే ఉబలాటం నాకు లేదు.

ఆయన మిలిటరీల చేసిండు. మంచు కొండల మీద డ్యూటీల కుడికాలి వేళ్ళు మూడు చెడిపోతే తీసేసి ఇంటికి పంపిండ్రు. ఇంటికొచ్చినంక సుత ఆ పాదం సక్కగ మానలే. మానినట్టే మానేది, మళ్ల పలిగేది. ఏండ్లు గట్లనే ఈడ్చుకొచ్చినం. ఆఖరికి మోకాలి కింద జానెడు ఉంచి కాలు తీసేసిండ్రు. "సగం మంచు తిన్నది, సగం దవాఖాన తిన్నది" అని నవ్వెటోడు. నా ముంగట ఎప్పుడు చూడు నవ్వుడే. ఏడ్పు నాకు ఇయ్యలే.

మాది ఫిలింనగర్ బస్తీ. నేను సినిమాలోళ్ళ దగ్గర కాస్ట్యూమ్ పని చేసేదాన్ని. పాటలల్ల హీరోయిన్ ఎనక ఎగిరే గ్రూపు పిల్లలకు చీరలు కట్టుడు నా పని. పొద్దుగాల ముప్పై మందికి కట్టిన్నంటే పొద్దుమూకే దాంక ఎగిరినా, నీళ్ళల్ల దూకినా, కుచ్చిళ్ళు ఊడేటివి కావు. "అక్క చేతి కట్టు" అని పేరు. ఆ గర్వమే నన్ను ముంచింది.

మాజీ జవాన్లకు కాళ్ళు పెట్టి నడక నేర్పే సెంటర్ జూబ్లీహిల్స్ మీద ఒక బంగ్లాల ఉండె. మా బస్తీ నుంచి ఆటోల పోతే అంత ఎత్తు ఎక్కుడే. వారానికి మూడు దినాలు పోయేటోళ్ళం. గాడ ఉండె ఆ పిల్ల, కసరత్తు చేయించే ఫిజియో. ఆంధ్ర దిక్కు పిల్ల, ముప్పై ఏండ్లు ఉంటయేమో. ఆయన్ని "బాబాయ్ గారూ" అంటది, నన్ను "పిన్నిగారూ" అంటది. బాబాయ్ అన్నంక ఇగ ఫికర్ దేనికి అంటరు మీరు. నేను సుత గట్లనే అనుకున్న. కాని మనసు వరుసలు చూసి కుళ్ళుకుంటదా?

ఒకదినం టిఫిన్ డబ్బా పట్టుకొని వరండాల కూసున్న. కిటికీ తెరిచి ఉన్నది. ఆయన కాలు పైకి లేపుతున్నడు, ఆ పిల్ల లెక్క పెడుతున్నది. నడుమ అడిగింది, "రాత్రి నిద్ర పట్టిందా బాబాయ్ గారూ?"

"ఏడ పడ్తదమ్మా. లేని బొటనవేలు దురద పెడ్తున్నది. గోకుదామంటే దుప్పటే దొరుకుతది."

ఆ పిల్ల నవ్వలే. "కాలు పోయిన అందరికీ ఉంటుంది. అద్దం పెట్టి, అందులో మంచి కాలు చూస్తూ కసరత్తు చేద్దాం, తగ్గుతుంది" అన్నది. అటెన్క ఆయన చెప్పుకుంటనే పోయిండు. కొండ మీద సాక్స్ విప్పేటప్పుడు లోపల ఏం కనిపిస్తదో అని కండ్లు మూసుకున్నడట. పక్క జవాను "చూడు చూడు" అంటే చూడనని చిన్నపోరని లెక్క ఏడ్చిండట.

నాతోని ఏండ్లకేండ్లు కాపురం చేసిండు. పిల్లలను కన్నం, పెండ్లిళ్ళు చేసినం. నేను ఆయన పక్కన్నే పండుకుంట. లేని వేలు దురద పెడ్తున్నదన్న ముచ్చట నాకు చెప్పలే. ఇంకో ఆడది ఆయన చెయ్యి పట్టుకున్నా గంత మండకపోవు నాకు. ఆ దురద కోసం మండింది.

ఇంటికి పోంగనే పట్టి గుంజుకున్న. కోసిన కాలికి సాగే పట్టి కట్టాలె, రోజు నాలుగు సార్లు విప్పి కట్టాలె. కాలు సన్నబడి ఒక తీరు అయితేనే పెట్టుడు కాలుకు కొలత తీస్తరు. అప్పటిదాంక ఆయనే కట్టుకునేటోడు, సెంటర్ల ఆ పిల్ల నేర్పినట్టు.

"ఇగ నేను కడ్త" అన్న.

"నీకు షూటింగ్ లేదా?"

"ఆ పిల్ల నేర్పిన కట్టు బాగుంటది, నేను కడితే కాదా?"

ఆయన నా దిక్కు చూసిండు, కాలు చాపిండు. నేను నడుముకు చీర కట్టినట్టు చుట్టు మీద చుట్టు గట్టిగ బిగించిన. "అడ్డం కాదే, ఏటవాలుగ పోవాలె. కింద బిగువు, పైకి పోయినకొద్ది వదులు" అన్నడు.

"వదులుగ కడితే జారి కింద పడ్తది. ముప్పై మందికి కట్టే చేతులియ్యి. నువ్వు నాకు నేర్పుతవా?"

నేను పట్టి కొసను మడిచి లోపల పిన్ను పెట్టిన. ఒక్కసారి సుత జారలే. గది చూసి మురిసిన. షూటింగ్‌ల ఆడోళ్ళకు చెప్పుకున్న సుత, మా ఆయన కాలు నేనే చూసుకుంటున్న అని.

నడుమ సెంటర్‌కు సెలవులు వచ్చినయి. పదిదినాలకు సెంటర్ల పట్టి విప్పితే కాలు కొస వంకాయ తీరుగ ఉబ్బింది. పైన సన్నం, కింద గుండ్రం. నేను రోజు విప్పి కడుతున్న గని, ఉబ్బుతుంటే మానుతున్నదనుకున్న. ఆ దినమే కొలత తీయాల్సింది. తీయలే. మల్ల నెల ఆగాలె అన్నరు.

నేను వరండాలనే ఉన్న. లోపలి మాట వినపడ్తున్నది.

"ఎవరు కట్టారు బాబాయ్ గారూ?"

"నేనే కట్టుకున్న."

"మీరు కట్టుకుంటే పిన్ను లోపలికి మడిచి పెట్టుకోరు. ఇది చీర కట్టే చేతి పని."

ఆయన నా కోసం అబద్ధం ఆడిండని సంబురపడాలె గద? నాకు సిగ్గయింది, దాని మీద నుంచి కోపం వచ్చింది. ఆ పిల్ల బయటికొస్తే తిడ్తదనుకున్న. తిడితే తిట్టేదాన్ని. అది నా పక్కన కూసొని నా వేలుకు పట్టి ముక్క చుట్టింది, నేను కట్టినట్టే, అడ్డంగ, పై కణుపు దగ్గర బిగించి. జరసేపట్ల వేలు కొస నీలం తిరిగింది.

"చూశారా పిన్నిగారూ? నెత్తురు కిందకి దిగుతుంది, తిరిగి పైకి వెళ్ళదు. మీ చేతికి బలం ఉంది, బాగా కడతారు. ఆ బిగువు కాలు కొస దగ్గర పెట్టండి చాలు."

అది మెచ్చుకుంటుంటే ఇంక మండింది. అయినా నేర్చుకున్న. ఏటవాలుగ, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. అది నా చేతుల మీద దాని చేతులు పెట్టి నేర్పింది. సల్లగున్నయి దాని చేతులు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోల అడిగిన, "నొస్తుంటే నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఇంటవా?"

"ఆమెకు ఎట్ల చెప్తవ్ మరి అన్ని?"

"ఆమె అడుగుతది. నువ్వెప్పుడన్న అడిగినవా?"

ఆటో షేక్‌పేట దిక్కు మళ్ళింది. ఆ సాయంత్రం పట్టి కట్టుకుంట అడిగిన, "వేలు దురద పెడ్తున్నదా?" అని. "లే" అన్నడు. అనుకున్న, ఆలస్యం చేసిన్నేమో అని. మర్నాడు మల్ల అడిగిన. "జరంత" అన్నడు. గంతే. కొండ ముచ్చట, సాక్స్ ముచ్చట నాకు ఎన్నడూ చెప్పలే. నేను కిటికీల ఇన్నదే నా పాలు.

నెల దాటి కొలత తీసిండ్రు. కాలు వచ్చింది. మొదటి నడక దినం ఆ పిల్ల నన్ను పిలిచింది. పట్టుకొని నడవనీకి రెండు ఇనుప కమ్మీలు, ఆ కొసకు ఆయన, ఈ కొసకు మనిషి ఉండాలె. "పిన్నిగారూ, ఎదురుగా మీరు నిలబడండి. మిమ్మల్ని చూసి వస్తారు."

నాకు నిలబడాలని పానం గుంజుతున్నది. కాని ఆ చోటు అది ఇస్తే నేను తీసుకునుడేంది? అది నా చోటు. "నాకు షూటింగ్ నుంచి ఫోన్ రావాలె" అని అబద్ధమాడి వరండాలకు పోయిన. ఫోను చేతుల పట్టుకొని, అద్దం చూసుకున్నట్టు ఆ ఫోన్నే చూసుకుంట నిలబడ్డ.

లోపల చప్పట్లు కొట్టిండ్రు. నేను కదల్లే.

కొంతసేపటికి గడప దగ్గర టక్కుమన్నది. ఆయన నిలబడి ఉన్నడు. రెండు కాళ్ళ మీద. చెమట కారుతున్నది. "నువ్వు రాకపోతివి. నేనే వచ్చిన" అన్నడు. గోడ పట్టుకొని నా దిక్కు ఒక అడుగేసిండు, ఇంకొకటి వేసిండు.

ఆ పిల్ల ఎనక నుంచి ఆయన నడుముకున్న బెల్టు పట్టుకొని ఉన్నది, పడకుండ. నా కండ్లు దాని చేతి మీదనే ఉన్నయి. వేళ్ళు ఎక్కడ పెట్టింది, ఎంత గట్టిగ పట్టింది, గది చూస్తున్న. ఆయన నా దగ్గరికి వచ్చి నా భుజం పట్టుకున్నడు.

"చూసినవా?" అన్నడు. పసిపోరని లెక్క అడిగిండు.

"చూసిన" అన్న.

చూడలే.