నీరడి పోశయ్య, లినక్స్ గడియారం

రుద్రూర్ దాటాక కాలువ చివరనున్న ఆ ఊళ్లో పోశయ్య తాత నీరడి, తండ్రి నీరడి, పోశయ్యా నీరడే. ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చాటేదీ, కాలువ మొదటి పెద్ద తూము తాళం మొలకు కట్టుకు తిరిగేదీ ఆయనే. గొంతుకు ఆపరేషన్ అయ్యాక అరవవద్దని డాక్టరు కట్టడి చేశాడు. చాటలేని నీరడికి తాళమెందుకని కొందరి కళ్లు అప్పుడే ఆయన మొల మీద పడ్డాయి.

ఆదుకున్నది ఒక పాత కంప్యూటరు. కొత్త విండోస్‌ను మోయలేదన్న ఒకే ఒక్క నేరానికి, నిక్షేపంలా నడిచే ఆ యంత్రాన్ని నిజామాబాద్‌లో ఎవరో తుక్కులో వేశారు! అంత బరువు నెత్తిన పెట్టినవాణ్ణి అడిగే నాథుడు లేడు. మోయలేనిదాన్ని మాత్రం పారేయడమే! బోధన్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే శ్రీవాణి దాన్ని తెచ్చి, లినక్స్ ఎక్కించి, నీటి సంఘం గదిలో పెట్టింది. సంఘం లెక్కల కోసం పాత విండోస్‌నూ ఒక పక్క ఉండనిచ్చింది.

పోశయ్య డప్పు కొట్టి, మెల్లని గొంతుతోనే వంతులన్నీ రికార్డు చేశాడు. లినక్స్‌లో క్రాన్ అనే పనిముట్టు ఉంది. ఫలానా వేళకు ఫలానా పని చేయమని ఒక్క వరుస రాసిపెడితే చాలు, అది మరవదు, అలగదు. వేళ కాగానే కప్పు మీది హారన్‌లోంచి పోశయ్య గొంతు కాలువ పొడుగునా పరుగెత్తేది. “గిది నాకంటె నిమ్మలం నీరడి!” అని ఆయన పొంగిపోయేవాడు.

అటువంటిది ఒకనాడు మిట్టమధ్యాహ్నం హారన్ మోగింది. “నాగవ్వ మడికి నీళ్లు!” సాయంత్రం ఆరింటి చాటింపు అది! దిగువ రైతు నాగవ్వ పరుగున పోయి తన మడి తూము పలక ఎత్తింది. ఎగువన సంఘం అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ చెరుకులో పారుతున్న నీరు చటుక్కున సన్నగిల్లింది. కాలువ గట్టు మీద మొదలైన తగువు సంఘం గదికి చేరింది.

“ఏంటయ్యా పోశయ్యా? నీ మిషనుకి పగలూ సాయంత్రం తేడా తెలీదా? ఆ తాళం ఇలా ఇచ్చెయ్!” అన్నాడు రాజేంద్రప్రసాద్.

“నా వంతని కూసింది గద! నీళ్లు మలుపుకుంటె దొంగనంటడా?” నాగవ్వ కొంగు బిగించింది.

“పొద్దుమూకెదాక ఆగుండ్రి పటేలా. అప్పుడు గూడ తప్పు కూస్తె తాళం మీదే,” అన్నాడు పోశయ్య.

కంప్యూటరు ముందు కూర్చుని, వేళ చూడడానికి శ్రీవాణి నేర్పినట్టు ‘డేట్’ అని కొట్టాడు. బయట నీడ కాళ్ల కిందే ఉంది, తెర మీద మాత్రం సాయంత్రమైంది! శ్రీవాణికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“పోశన్నా, ఎవరన్న విండోస్ తెరిసిండ్రా?”

“నేనే తెరిచానమ్మా. పొద్దున లెక్కలు చూసుకుని మళ్లీ లినక్స్ పెట్టేశాను,” అన్నాడు రాజేంద్రప్రసాద్.

“లెక్కలా, పేకాటా?” అంది నాగవ్వ. గది ఘొల్లుమంది.

“మిషన్ల ఒక చిన్న గడియారం ఉంటది సార్,” అంది శ్రీవాణి. “విండోస్ దాంట్ల మన టైం రాసి పోయింది. లినక్సేమో అది లండన్ టైం అనుకొని, ఇంక ఐదున్నర గంటలు కలుపుకున్నది.”

“బ్రిటిషోడు పోయి గింతకాలమాయె, మన పొద్దు ఇంక ఆని గడియారంలనే ఉన్నదా!” పోశయ్య భగ్గుమన్నాడు. “జల్ది చెప్పు బిడ్డా, ఏం కొట్టాలె?”

ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన ఒక్క వేలితో కొట్టాడు. ఆ చిన్న గడియారంలో ఉన్నది మన వేళేనని లినక్స్‌కు చెప్పే ఆజ్ఞ అది. ఎంటర్ నొక్కగానే అంకెలు గిర్రున వెనక్కి వచ్చాయి! రాజేంద్రప్రసాద్ తన చేతి గడియారంతో పోల్చి చూసుకున్నాడు. అయినా నమ్మక, కంప్యూటర్ ఆపించి విండోస్ తెరిపించాడు, మళ్లీ ఆపించి లినక్స్ తెరిపించాడు. వేళ చెక్కు చెదరలేదు.

“ఆరింటికి చూద్దాం,” అంటూ లేచాడు.

సాయంత్రానికి గట్టంతా జనం. పోశయ్య మొలనున్న తాళం మీద చెయ్యేసుకుని హారన్ వైపే చూస్తున్నాడు. పొద్దు చెరుకు ఆకుల కిందికి జారుతుండగా హారన్ ఒక్కసారి గురగురలాడి, ఆయన గొంతునే ఎత్తుకుంది. “నాగవ్వ మడికి నీళ్లు!”

రాజేంద్రప్రసాద్ చేతి గడియారం చూసుకున్నాడు. తాళం మాట మళ్లీ ఎత్తలేదు. ఎవరూ చెప్పకముందే వంగి, తన మడి తూము పలకను తన చేత్తోనే దించాడు. నురగ కట్టిన నీరు దిగువకు ఉరికింది. పోశయ్య డాక్టరు మాట మరిచి, ఆపరేషన్ అయ్యాక ఈలవేసినట్టు వచ్చే ఆ గొంతుతోనే, “వస్తున్నయే నాగవ్వా, ఎత్తు!” అని కేకేశాడు.