ఫుషిమి వారూ, తోటకూర వారూ

అమెరికాలో, బెంటన్‌విల్ ఆఫీసులో నన్ను ఫ్నూ అంటారు. నా పేరు పరంధామయ్య. మా ఇంటిపేరు తోటకూర. కాలేజీలో కట్ట ఎంత అని అడిగేవాళ్లు. అందుకని పాస్‌పోర్టు దరఖాస్తులో దాన్ని వదిలేసి, ఇంటిపేరు గడిలో పరంధామయ్య అని రాసి, పేరు గడి ఖాళీగా ఉంచాను. తెలివైన పని అనుకున్నాను. వీసా మీద ఆ ఖాళీలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చువేశారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. పంతొమ్మిదేళ్లుగా నేను తెలియనివాణ్ణి.

కూతురు నైనిక ఇక్కడే పుట్టింది. దానికి పరంధామయ్యే ఇంటిపేరైంది.

ఈ వసంతంలో అది స్కూల్లో జపాన్ రాజవంశపు ఒక శాఖ గురించి రాసింది. ఫుషిమి వారు. చక్రవర్తికి దాయాదులు. సింహాసనానికి వారసుడు లేకపోతే ఇవ్వడానికి ఆ ఇంటిని నిలబెట్టుకున్నారు. దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట ఒకసారి ఇచ్చారు కూడా. మిగతా కాలమంతా సిద్ధంగా ఉండటమే వాళ్ల పని. రాజకుటుంబానికి ఇంటిపేరు ఉండదు. 1947లో వాళ్లనూ, వాళ్లలోంచి చీలిన ఇళ్లనూ మామూలు జనంలో కలిపేశారు. అప్పుడు ఇంటిపేరు కావలసివచ్చి, తమ శాఖ పేరైన ఫుషిమినే పెట్టుకున్నారు.

"వాళ్లకీ ఫామ్ ఫిల్ చేయడం రాదు, డాడీ. నీలాగే," అంది.

వారం రోజులు రాజకుమారుడిలా తిరిగాను, నా కాఫీ కప్పు నేనే కడుక్కుంటూ.

తర్వాతి మంగళవారం పౌరసత్వ ఇంటర్వ్యూ. పేరు మార్చమని అక్కడ అడగవచ్చు. అడిగితే పరంధామయ్య పేరుగా, తోటకూర ఇంటిపేరుగా నాకు తిరిగి వస్తాయి. కానీ నైనిక పేరు కూడా మార్పిస్తే తప్ప, కాగితాల మీద ఇద్దరం ఒక ఇంటివాళ్లం కాము. అది ఒప్పుకుంటుందిలే అనుకున్నాను.

అడిగాను. తోటకూర అంటే ఏమిటని ఆఫీసరమ్మ అడిగింది. ఆకుకూర అన్నాను. ఆమె నవ్వలేదు. స్పెల్లింగ్ సరిచూసుకుని రాసుకుంది. ఆ నవ్వుకే నేను పంతొమ్మిదేళ్లు భయపడ్డాను.

సాయంత్రం కార్‌లో నైనికకు చెప్పాను, దాని పేరు కూడా మార్పిద్దామని.

"నాది వద్దు డాడీ. మా క్లాస్‌లో అందరికీ పరంధామయ్య స్పెల్లింగ్ ఇప్పుడే వచ్చింది."

"మనిద్దరివీ వేరే ఇంటిపేర్లు అయిపోతాయి కదే."

"ఓకే. నువ్వు వేరే బ్రాంచ్."

పరంధామయ్య వంశం అలా మొదలైంది. మూలపురుషుణ్ణి నేనే. ఆ ఇంటిపేరు మాత్రం నాది కాదు.