సూసన్నను అడగలేదు

కలకత్తా దగ్గరి రైల్వే ఊళ్లో, పూరీ గేట్ పేట తెలుగువాళ్లలో సూసన్న కోపం చవిచూడనివాళ్లు తక్కువ. ఆమె రిజర్వేషన్ కౌంటర్‌లో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. వరస తప్పి చెయ్యి చాపిన బెంగాలీ దాదాలకు వాళ్ల భాషలో, మనవాళ్లకు తెలుగులో చివాట్లు పెట్టేది. అలాంటి మనిషిని కలకత్తా ఆస్పత్రిలో బయట బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టర్ ఆమె భర్త ఆర్థర్‌తో మాట్లాడాడు.

కడుపులో కేన్సర్ గడ్డ ఉందనీ, కొంచెం కోసి తీస్తారనీ ఆర్థర్ చెప్పాడు. చూపించిన చోటల్లా ఆమె సంతకం పెట్టింది. ఆపరేషన్ అయ్యాక, కట్టు మార్చడానికి వచ్చిన నర్సు మాటల్లో అసలు సంగతి బయటపడింది. గడ్డ పక్కలకు పాకిందట. జీర్ణాశయం మొత్తం, దాంతో పాటు ప్లీహం, క్లోమంలో ఒక కొస తీసేసి, పేగును నేరుగా అన్నవాహికకు కుట్టారట.

"పొట్ట నాది. మీరెలా ఒప్పుకున్నారు?" అంది భర్తతో.

"సెప్తే నువ్వు ఒప్పుకోవని భయపడినాను," అన్నాడు ఆర్థర్.

ఇంటికొచ్చాక నాలుగు ముద్దలు తినగానే చెమటలు, గుండెదడ. తిన్నాక పడుకోవాల్సిందే. కాసేపటికి మళ్లీ ఇంత తినాల్సిందే. జాకెట్లు వేలాడసాగాయి. చూడవచ్చినవాళ్లు దేవుడు గండం గట్టెక్కించాడని మురిసిపోతుంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడింది.

"బతికున్నాను, దేవుడికి స్తోత్రం. కానీ నన్నేటి సేస్తారో నాకెవరూ సెప్పలేదు. మీ ఇళ్లలో ఆడోళ్లకి జబ్బొస్తే ముందు ఆళ్లకి సెప్పండి."

చర్చిలో ఎవరూ ఆమెన్ అనలేదు.

ఆపరేషన్ అయిన రెండో ఏడు స్కాన్‌లో కాలేయం మీద మచ్చలు కనబడ్డాయి. డాక్టర్ మళ్లీ ఆర్థర్‌నే పిలిచాడు. సూసన్న అతన్ని పక్కకు నెట్టి తనే లోపలికి వెళ్లింది. అప్పుడు కోయకపోతే ఏమయ్యేదని అడిగింది. ఏడాది గడవడం కూడా కష్టమయ్యేదన్నాడు. ఇప్పుడు కీమో మందెక్కిస్తే నయమవుతుందా అంటే, కాదు, కొన్ని నెలలు కలిసిరావచ్చన్నాడు. ఆమె కోపం రెట్టింపయింది. ఈ మాటలే అప్పుడు చెప్పి ఉంటే తనే ఒప్పుకునేదాన్నని మొహం మీదే అనేసింది.

మందు తానే కావాలంది. వేళ్లు తిమ్మిరెక్కి గ్లాసు జారిపోతున్నప్పుడు తానే వద్దంది. ఆర్థర్ అడ్డు చెప్పలేదు, ఏడ్చాడు. ఆఖరి రోజుల్లో, నన్ను క్షమించావా అని అతనడిగితే "సగం" అంది.

వానలు తగ్గేలోపే పోయింది.