అరువిచ్చిన చెయ్యి

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. రాజోలు బస్టాండులో అమలాపురం బస్సు కోసం కూర్చున్నాను. పక్కన పెద్ద సూట్‌కేసుతో ఒకతను, సెలవు అయిపోయి మస్కట్ తిరిగి వెళ్తున్నవాడు, ఫోన్లో ఆల్బమ్ పేజీ తయారుచేసుకుంటున్నాడు. చుట్టూ గులాబీల అంచు, మధ్యలో కూతురి అక్షరాభ్యాసం. ఆ రోజు తను ఊళ్ళో లేడట. పాప మేనమామ దిద్దించాడట. ఇప్పుడు మేనమామ ముఖం మీద తన ముఖం అతికించాడు. బియ్యంలో పాప వేలు పట్టుకున్న చెయ్యి మాత్రం ఇంకా మేనమామదే.

“చెయ్యి కూడా మార్చాలండీ. ఒక ఫోటో తీసిపెడతారా? మీ చెయ్యి ఇలా ఇవ్వండి, పాప చెయ్యి అనుకుంటాను.”

“ఇంట్లో పాపతోనే తీసుకోలేకపోయారా?” అన్నాను.

“ఆయ్, సెలవంతా చూసేనండీ. కొత్త కదండీ, నా దగ్గరకి రాలేదు.”

కుడిచెయ్యి ఇచ్చాను. నా చూపుడువేలు పట్టుకుని సూట్‌కేసు మీది దుమ్ములో మెల్లగా ‘అ’ దిద్దించాడు. ఎడమచేత్తో అతని ఫోన్ నొక్కాను.

“బాగా వచ్చిందండీ. మీ చెయ్యి కత్తిరించేస్తాను, ఏమనుకోకండేం.”

“ఫర్వాలేదండీ.”

ఇంట్లో నేనొక్కణ్ణే. ఒకరు నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో.

బస్సు వచ్చేదాకా అతను నా వేలు వదలడం మరిచిపోయాడు. నేనూ గుర్తుచెయ్యలేదు.