సుమిత్ర చూసిన చుక్క

గార్ల దగ్గరి తండాలో పుట్టిన సుమిత్ర కొత్త గ్రహాన్ని కనుక్కుందని కొందరంటారు. హైదరాబాదు ప్రొఫెసర్లు దాన్ని తొక్కిపెట్టారని మరికొందరు. తెలంగాణ ఉద్యమాన్ని నడిరోడ్డు మీద నవ్వులపాలు చేసిందన్నవాళ్లూ ఉన్నారు. ఈ మాటల్లో దేనికీ ఆధారం లేదు.

సుమిత్ర హైదరాబాదులో ఖగోళశాస్త్ర పరిశోధన చేస్తుండేది. సూర్యుడి వంటి ఒక నక్షత్రపు వెలుగును అడ్డగించి, విదేశంలోని పెద్ద టెలిస్కోపుతో తీసిన చిత్రంలో, ఆ నక్షత్రానికి బాగా ఎడంగా ఒక మసక చుక్క కనిపించింది. గ్రహమే అయితే గురుగ్రహం కన్నా ఎన్నో రెట్లు బరువైనదని తండ్రి మాన్‌సింగ్‌కు ఫోనులో చెప్పింది. ఆ ‘అయితే’ తండాకు చేరేసరికి రాలిపోయింది.

అంత దూరపు గ్రహం ఒక చుట్టు తిరగడానికి వందల ఏళ్లు పడుతుంది. అందుకే తిరగడం కాదు, ఆ చుక్క నక్షత్రంతో పాటు ఆకాశంలో జరుగుతుందా అన్నదే పరీక్ష. కొంతకాలం తర్వాత తీసిన రెండో చిత్రం సకల జనుల సమ్మె రోజుల్లో అందింది. నక్షత్రం కొద్దిగా జరిగింది. చుక్క జరగలేదు. అది వెనకాల ఎంతో దూరాన ఉన్న వేరే నక్షత్రం. సుమిత్ర మళ్లీ కొలిచింది, ఫలితం మారలేదు. ఏడుపు రాలేదు. క్యాంపస్‌లో పోలీసులు వదిలిన బాష్పవాయువుకు కళ్లు మండాయి, అంతే.

ఆలోగా సన్మానానికి రమ్మని తండ్రి కబురు. బస్సుల్లేక, దొరికిన ఆటోలు మారుతూ మానుకోట చేరింది. ఉద్యమకారులు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పైన ఫ్లెక్సీ: ‘తెలంగాణ గ్రహాన్ని కనుగొన్న మన ఆడబిడ్డ’. వేదిక మీద కొత్త తలపాగాతో మాన్‌సింగ్.

ఉద్యమ సంఘం నాయకుడు కరుణాకర్‌ను పక్కకు పిలిచి సంగతి చెప్పింది.

"గిప్పుడా చెప్పేది చెల్లె? ఫ్లెక్సీ గూడ కట్టినం! మనకు తెలివి లేదని ఎక్కిరిస్తున్నరు తెలంగాణ ఇయ్యద్దనేటోళ్లు. ఇయ్యాల్టికి గ్రహమే అను. రేపు కాదను, ఎవడడిగిండు?"

కాదంటే అందరి ముందూ తండ్రి అబద్ధాలకోరవుతాడు. అది ఆమెకు తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదలలేదు. మైకు అందుకుంది.

"అది గ్రహం కాదు. నేనే కొలిచిన."

గరిటెలు ఆగాయి. "మరి శాలువ ఎవలకు కప్పుదం, చుక్కకా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

మాన్‌సింగ్ లేచాడు. "ఎట్ల కాదంటవ్ బేటీ? ఫొటోల పక్కనే కనబడ్డదంటివి."

"బాపు, మేడారం జాతరకు బండి కట్టినం. తొవ్వ పక్కన ఎవలో నిలబడ్డరు. మనతోటి వచ్చినోళ్లేనా?"

"బండి కదిలితే తెలుస్తది. మనోళ్లయితే ఎంబడొస్తరు."

"బండి కదిలింది. అది ఆడ్నే ఉన్నది."

మాన్‌సింగ్ వేదిక దిగి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. "బువ్వ మాడుతున్నది, జర చూడుండ్రి," అన్నాడు. ఆ తర్వాత ఆయనను ఎవరూ ఏ వేదిక మీదికీ పిలవలేదు. ఆయన కూతురిని ఒక్క మాటా అనలేదు.

సాక్ష్యం ఇంతవరకే. సుమిత్ర గ్రహాన్ని కనుక్కోలేదు. గ్రహమనుకున్నది గ్రహం కాదని రుజువు చేసింది. ఆ నక్షత్రానికి అంత దూరాన, ఆ టెలిస్కోపుకు అందేటంత పెద్ద గ్రహం ఏదీ లేదని తేల్చింది. ఆమె చేసిన పని అదే.